పర్యావరణ విద్యలో క్షేత్రపనికి వేళ, మార్కులు, నిధులు కేటాయిస్తూ అకడమిక్ కౌన్సిల్ తీర్మానం

కొల్లేరు చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు చదువుకునే మా స్వయంప్రతిపత్తి డిగ్రీ కళాశాల అకడమిక్ కౌన్సిల్, ప్రిన్సిపాల్ గారి అధ్యక్షతన సమావేశమై, వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం, అర్థశాస్త్రం, కామర్స్ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లు కలిసి పంపిన ప్రతిపాదనను చర్చించి ఈ తీర్మానాన్ని ఆమోదించింది. చర్చలో వచ్చిన అభ్యంతరాలు, వాటికి కౌన్సిల్ సమాధానం కూడా తీర్మానంలో భాగంగానే నమోదయ్యాయి.

పూర్వరంగం

పర్యావరణం డిగ్రీ విద్యార్థికి నిన్నగాక మొన్న వచ్చిన సబ్జెక్టు కాదు. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న తీర్పునిస్తూ, పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశంగా బోధించాలన్న సూత్రాన్ని ఆమోదించింది. ఆ తరువాత యూజీసీ అన్ని శాఖల డిగ్రీ విద్యార్థులకూ వర్తించేలా ఆరు నెలల కోర్ మాడ్యూల్ తయారు చేసింది. అందులో ఎనిమిది యూనిట్లు, 50 పీరియడ్లు. ఎనిమిదో యూనిట్ పూర్తిగా క్షేత్రపని: దగ్గర్లోని నదినో అడవినో కొండనో చూసి నమోదు చేయడం, కలుషితమైన ఒక చోటికి వెళ్లడం, సాధారణ మొక్కలు, పురుగులు, పక్షులను గుర్తించడం, చెరువు వంటి చిన్న ఆవరణ వ్యవస్థను పరిశీలించడం. 100 మార్కుల్లో చిన్న ప్రశ్నలకు 25, వ్యాస ప్రశ్నలకు 50, క్షేత్రపనికి 25. ఆ 25 మార్కుల పనికి ఇచ్చిన పీరియడ్లు మాత్రం 5. మార్కుల్లో నాలుగో వంతు, సమయంలో పదో వంతు. వ్యవహారం అడ్డం తిరిగింది ఈ లెక్క దగ్గరే.

అయిదు పీరియడ్లలో చెరువు గట్టు దాకా వెళ్లి రావడమే కష్టం, ఇక కొలవడం, రాసుకోవడం, మళ్లీ వెళ్లి సరిచూసుకోవడం మాటేమిటి? అందుకని చాలా కళాశాలల్లో క్షేత్రపని స్థానంలోకి రికార్డు వచ్చి కూర్చుంది. సీనియర్ రికార్డు చూసి జూనియర్ రాస్తాడు, మరుసటి ఏడాది అతని రికార్డు ఇంకొకరి చేతికి వెళుతుంది. బొమ్మలు జిరాక్స్ షాపులో రంగుల్లో దొరుకుతాయి. ఊళ్లో చెరువు ఎండిపోయినా రికార్డులో నీళ్లు తగ్గవు. పరీక్షకుడు సంతకం పెడతాడు, మార్కులు పడతాయి, అందరూ పాసవుతారు.

యూజీసీ 2023లో విడుదల చేసిన పర్యావరణ విద్యా పాఠ్యప్రణాళిక కూడా కేస్ స్టడీలకూ క్షేత్రపనికీ విడిగా చోటిచ్చి, క్యాంపస్‌లోని జీవవైవిధ్యాన్ని నమోదు చేయడం, చెత్త, నీరు, మురుగు నిర్వహణను పరిశీలించడం వంటి పనులు సూచించింది. జాతీయ విద్యావిధానం 2020 అనుభవపూర్వక అభ్యాసం గురించి చెప్పనే చెప్పింది. ఆదేశాలకు కొరత లేదు. ఈ తీర్మానం కొత్త ఆశయం ప్రకటించడానికి చేస్తున్నది కాదు. ఇన్నేళ్లుగా సిలబస్ కాగితంలో ఉన్నదాన్ని టైమ్‌టేబుల్లోకి ఎక్కించడానికి చేస్తున్నది.

మా కళాశాల ఉన్న చోటు ఈ పనికి ఎంత అనువైనదో కౌన్సిల్ గుర్తించింది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో పరుచుకున్న కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు, వాటితోపాటు ఎన్నో డ్రెయిన్లు నీళ్లు తెస్తాయి. ఆ నీళ్లను సముద్రానికి చేర్చేది ఉప్పుటేరు. 1999లో ఈ సరస్సును +5 కాంటూరు (సమోన్నత రేఖ) వరకు 308 చదరపు కిలోమీటర్ల మేర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో 901 చదరపు కిలోమీటర్ల పరిధితో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. 2006లో సరస్సు లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. 2024 సెప్టెంబరులో విజయవాడ ఇళ్లను ముంచిన బుడమేరు చివరికి వచ్చి కలిసేది ఈ పల్లంలోనే. మా విద్యార్థుల్లో ఈ సంగతులు పుస్తకంలో చదివినవాళ్ల కంటే ఇంట్లో విన్నవాళ్లే ఎక్కువ. కొందరి ఇళ్లలో గట్లు తెగిన బాధ ఉంది, కొందరి ఇళ్లలో సరస్సు పోయిందన్న బాధ ఉంది. అయినా చిత్తడి నేలకు ఉదాహరణ రాయమంటే గైడులో ఉన్నట్టు చిలకా సరస్సు పేరు రాసి వస్తున్నారు. తప్పు వాళ్లది కాదు, ప్రశ్న అడిగే పద్ధతిది.

ఈ ప్రతిపాదనకు మూలమైన ఉదాహరణ ఒకటుంది. కౌన్సిల్ దాన్ని కాస్త వివరంగానే నమోదు చేయదలచింది. నీటిలో కరిగిన ఆక్సిజన్ గురించి తరగతిలో పాఠం చెబుతాం. పగలు ఎండ ఉన్నంతసేపు నీటిలోని నాచు, సూక్ష్మ మొక్కలు ఆక్సిజన్ వదులుతాయి, మధ్యాహ్నం దాటాక అది గరిష్ఠానికి చేరుతుంది. చీకటి పడ్డాక మొక్కలు, చేపలు, అడుగు బురదలోని బ్యాక్టీరియా అన్నీ తీసుకోవడమే తప్ప ఇచ్చేది ఉండదు. తెల్లవారబోయే ముందు ఆక్సిజన్ అట్టడుగుకు పడిపోతుంది. ఇది చేపల రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున నాలుగింటికి టార్చి పట్టుకుని గట్టు మీదికి వెళ్లి, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయేమో చూసి, ఏరియేటర్ వేసి వస్తాడు. ఆ రైతు కొడుకో కూతురో మా తరగతిలో ఉదయం పదింటికి కూర్చుని అదే విషయాన్ని నిర్వచనంగా రాసుకుంటారు. పదింటికి ఎండ ఎక్కాక చెరువుకు తీసుకెళ్లినా అక్కడ చూపించడానికి ఏమీ మిగలదు.

అదే తెల్లవారుజామున వెళితే సంగతి వేరు. 300 మిల్లీలీటర్ల సీసాను నీళ్లలో ముంచి, గాలి బుడగ లేకుండా నింపి, గట్టు మీదే మాంగనస్ సల్ఫేట్, క్షార అయోడైడ్ ద్రావణం వేసి మూత బిగిస్తే, ఆక్సిజన్ ఉన్న నీటిలో గోధుమరంగు మడ్డి దిగుతుంది. ఆక్సిజన్ లేని మురుగునీటిలో ఆ మడ్డి తెల్లగానే ఉండిపోతుంది. తరువాత సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే గోధుమ మడ్డి కరిగి నీళ్లు పసుపుపచ్చగా మారతాయి. స్టార్చ్ వేసి థయోసల్ఫేట్ చుక్కచుక్కగా వదిలితే నీలిరంగు చివరి చుక్క దగ్గర ఒక్కసారిగా పోతుంది. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో దాన్నిబట్టి ఆక్సిజన్ ఎంతో తేలుతుంది. ఒకే చెరువులో వేకువన పట్టిన సీసా, మధ్యాహ్నం పట్టిన సీసా ఒకే బల్ల మీద పెట్టి చూసిన విద్యార్థికి కిరణజన్య సంయోగక్రియ గురించి, శ్వాసక్రియ గురించి, మేత ఎక్కువైతే చెరువు ఎందుకు చెడుతుందో దాని గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు. తండ్రి చేసే పనిలో ఉన్న శాస్త్రం అప్పుడు అతనికి కనిపిస్తుంది. కనిపించాక అతను తండ్రిని అడిగే ప్రశ్నలు కూడా మారతాయి.

కొలవడం పెద్ద చదువులు చదివినవాళ్లకే చేతనవుతుందన్న అనుమానానికి మన నేల మీదే జవాబుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో, ఈ శతాబ్దం మొదటి దశాబ్దంలో, రైతుల ఆధ్వర్యంలో భూగర్భ జలాల నిర్వహణ ప్రాజెక్టు నడిచింది. పెద్దగా చదువుకోని రైతులు, మహిళలు కూడా వర్షమాపకం చూసి, బోరుబావుల్లో నీటిమట్టం కొలిచి, ఆ అంకెలను ఊళ్లో గోడ మీద రాసి, రబీలో ఏ పంటకు ఎంత నీరుందో లెక్క వేసుకున్నారు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో బోడి నేల మీద చెట్లు పెంచి, వాననీటిని ఆపి, ఆ లోయకు వచ్చిన పక్షులను ఏళ్ల తరబడి నమోదు చేస్తూ బడి చదువులోనే కలిపేశారు. ఈ రెండు చోట్లా కనిపించేది ఒకటే: ఒకే చోటును వదలకుండా చూడటం.

కావున ఈ సమావేశం ఈ కింది విధంగా తీర్మానిస్తోంది.

1. ఒకే చోటు, ఏడాది పొడుగునా

ఇకపై పర్యావరణ విద్యలో క్షేత్రపని అంటే ఒక రోజు యాత్ర కాదు. ఇరవై మంది విద్యార్థుల బృందానికి ఒక్కో స్థలం అప్పగిస్తారు. అది కళాశాల నుంచి నడిచో సైకిల్ మీదో వెళ్లగలిగినంత దగ్గర ఉండాలి. ఊరి మంచినీళ్ల చెరువు, పంట కాలువ లాకుల దగ్గరి మలుపు, మురుగు డ్రెయిన్, యజమాని ఒప్పుకున్న చేపల చెరువు, ఖాళీ స్థలంలోని చెత్తకుప్ప, కళాశాల ఆవరణలోని బావి, ఏదైనా సరే. అందంగా ఉండాల్సిన పని లేదు. నిజానికి అందమైన చోట్ల కంటే డ్రెయిన్లే ఎక్కువ నేర్పుతాయని కౌన్సిల్ అభిప్రాయం. ఎగువన ఏ కాలనీ మురుగు కలుస్తోంది, ఏ చెరువు ఖాళీ చేసినప్పుడు రంగు మారింది, గుర్రపుడెక్క ఏ నెలలో కమ్ముకుంది, ఎవరు తీశారు, ఎన్నాళ్లకు మళ్లీ వచ్చింది అన్నవన్నీ అక్కడే తేలతాయి.

బృందం నెలకు కనీసం రెండుసార్లు ఆ చోటికి వెళ్లి అవే కొలతలు అదే పద్ధతిలో తీసుకోవాలి. ఏడాది చివర నోట్‌బుక్‌లను వచ్చే ఏటి బృందానికి అప్పగించాలి. ఒక్క ఏడాది అంకెలు ఒక పిల్లవాడి రికార్డు. పదేళ్ల అంకెలు ఆ ఊరి ఆస్తి. ఆ మాట చెప్పుకోగలిగే రోజు రావాలంటే ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి.

ఆటపాక పక్షుల కేంద్రానికి బస్సు వేసుకుని వెళ్లి గూడబాతులను చూసి రావడం మంచి పనే. వెళ్లండి. కానీ దానికి మార్కులు లేవు. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరిగే రోజుల్లో తమ చెరువు దగ్గర కూర్చుని వచ్చిన కొంగలనూ నీటికాకులనూ లెక్కపెట్టిన బృందానికి మార్కులున్నాయి.

2. మొక్కలు నాటడం గురించి

ప్రపంచ పర్యావరణ దినమైన జూన్ 5న మొక్క నాటి ఫొటో దిగడాన్ని ఇకమీదట క్షేత్రపనిగా లెక్కించరాదు. మన దగ్గర ఆనాటికి రుతుపవనాలు సరిగ్గా అందుకోవు, వడగాలులు పూర్తిగా పోవు, కళాశాలకు సెలవులు. అలాంటి రోజున నాటిన మొక్కకు నీళ్లు పోసే దిక్కుండదు. నాటాలనుకున్న బృందం వానలు నిలకడగా పడ్డాక నాటి, ప్రతి మొక్కకూ సంఖ్య ఇచ్చి, నెలనెలా ఎత్తు కొలిచి, మరుసటి జూన్ 5న ఎన్ని బతికాయో చెప్పాలి. చచ్చినవాటికి కారణం రాయాలి. మేక తిన్నదని రాసినా మార్కులు తగ్గవు.

3. వేళ

రెండు వారాలకు ఒక శనివారం మధ్యాహ్నం మొత్తం క్షేత్రపనికి వదిలేస్తూ టైమ్‌టేబుల్ మార్చాలి. దీనితోపాటు సెమిస్టర్‌కు రెండుసార్లు తెల్లవారుజాము పరిశీలన ఉంటుంది. ఆ రోజు వెళ్లిన బృందానికి మొదటి రెండు పీరియడ్ల హాజరు గట్టు మీదే వేయాలి. అధ్యాపకుడి పనిగంటల్లో కూడా ఆ సమయం జమ కావాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఇన్నాళ్లూ ఉత్సాహం ఉన్న ఒకరిద్దరు అధ్యాపకులు సొంత సమయంలో, సొంత పెట్రోలుతో తిరిగి, చివరికి అలసిపోవడం అన్ని కళాశాలల్లోనూ చూస్తున్నదే. క్షేత్రపని ఎవరి ఉత్సాహం మీదా ఆధారపడకూడదు.

4. నోట్‌బుక్

ప్రతి విద్యార్థికీ గట్టి అట్ట ఉన్న చిన్న నోట్‌బుక్, పెన్సిల్ కళాశాల ఇస్తుంది. చూసినది అక్కడే రాయాలి. ఇంటికెళ్లి శుభ్రంగా తిరగరాసిన ప్రతిని పరీక్షకుడు తీసుకోరాదు. తప్పు రాస్తే రబ్బరుతో చెరపకుండా ఒక గీత కొట్టి పక్కన సరైనది రాయాలి. వెళ్లలేకపోయిన తేదీ దగ్గర వెళ్లలేదని, ఎందుకు వెళ్లలేదో రాసి వదిలేయాలి. కల్పించిన అంకె దొరికితే ఆ నెల మార్కులు పోతాయి. వింత అంకె వస్తే పోవు, మళ్లీ కొలిచి చూస్తే చాలు. బురద మరకలున్న నోట్‌బుక్ చూసి అధ్యాపకులు ముఖం చిట్లించుకోవద్దని కౌన్సిల్ ప్రత్యేకంగా కోరుతోంది.

2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువు ఇంగ్లీషు మీడియంలోకి మారింది. అయినా నోట్‌బుక్ విషయంలో విద్యార్థి తనకు వచ్చిన భాషలో రాసుకోవచ్చు. చేపను కొర్రమీను అనీ, గడ్డిని కిక్కిస అనీ ఊళ్లో పిలిచే పేరుతోనే ముందు రాయాలి, శాస్త్రీయ నామం తరువాత కనుక్కుని చేర్చాలి. గట్టు మీద నిలబడి ఇంగ్లీషు వాక్యం కోసం వెతుక్కునే పిల్లవాడు చెరువును చూడలేడు.

5. పరికరాలు, ఖర్చు

ఒక్కో బృందానికి ఒక సంచి: థర్మామీటర్, పీహెచ్ మీటర్, దాన్ని సరిచూసే బఫర్ ద్రావణాలు, టీడీఎస్ మీటర్, ఆక్సిజన్ పరీక్ష సీసాలు, నీటిలో మల కాలుష్యం ఉందేమో చూసే హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాలు, కొక్కెం తక్కెడ, టేపు, ఒక బైనాక్యులర్. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూసే సెక్కి పళ్లెం కొనక్కర్లేదు. 20 సెంటీమీటర్ల రేకు పళ్లేనికి నలుపు, తెలుపు రంగులు నాలుగు భాగాలుగా వేసి, పది సెంటీమీటర్లకో ముడి వేసిన తాడు కడితే చాలు. పళ్లెం కనిపించకుండా పోయిన లోతే కొలత. కళాశాల ఆవరణలో ఒక వర్షమాపకం పెట్టి రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూడాలి, సెలవు రోజుల్లో కూడా.

టీడీఎస్ మీటర్ విషయంలో ఒక హెచ్చరిక. వాటర్ ప్లాంట్లు, ఫిల్టర్లు అమ్మేవాళ్లు ఈ పెన్నును నీళ్లలో ముంచి అంకె చూపించి జనాన్ని భయపెట్టడం మామూలైపోయింది. అది చెప్పేది నీటిలో కరిగిన లవణాల అంచనా మాత్రమే. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు వాంఛనీయం, వేరే వనరు లేనిచోట 2000 వరకు అనుమతి. సూక్ష్మక్రిముల సంగతి ఆ పెన్నుకు తెలియదు. మీటర్ 80 చూపించిన క్యాన్ నీళ్లే పోసిన హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే అందులో మల కాలుష్యం ఉన్నట్టు అనుమానించాలి. ఈ రెండు పరీక్షలూ పక్కపక్కన చేయించకుండా టీడీఎస్ మీటర్ ఎవరి చేతికీ ఇవ్వరాదు.

ఆక్సిజన్ పరీక్షలో వాడే రసాయనాల్లో విషపదార్థాలున్నాయి. పరీక్ష అయ్యాక ఆ ద్రావణాలను గట్టు మీదో ల్యాబ్ సింకులోనో పారబోయకుండా డబ్బాలో పట్టి రసాయనశాస్త్ర శాఖకు అప్పగించాలి. పర్యావరణ తరగతి వ్యర్థాలు కూడా డ్రెయిన్‌లోకే పోతే ఇక పాఠమెందుకు?

విద్యార్థుల నుంచి ఈ పనికి ప్రత్యేక ఫీజు వసూలు చేయరాదు. ప్రయోగశాల నిధి నుంచి, చాలకపోతే కళాశాల సాధారణ నిధి నుంచి ఖర్చు పెట్టాలి.

6. ఊరి గురువులు

ప్రతి సెమిస్టర్‌లోనూ ప్రతి బృందానికీ కనీసం రెండు పూటలు స్థానికంగా ఆ పని తెలిసినవారితో పాఠం చెప్పించాలి. తాటిదోనెలో పెరిగి, మావులు వేసి చేపలు పట్టిన లంక గ్రామాల పెద్దలు, కాలువ నీళ్లు వదిలే లస్కరు, చేపల చెరువు కాపలాదారు, పంచాయతీ పారిశుద్ధ్య కార్మికురాలు, వీరందరూ ఈ కోవలోకి వస్తారు. వారికి శాలువా కప్పి పంపేయడం కుదరదు. అతిథి అధ్యాపకుడికి గంటకు ఎంత ఇస్తున్నామో వారికీ అంతే ఇవ్వాలి, వోచర్ మీద హోదా దగ్గర అధ్యాపకుడు అనే రాయాలి. ఒకప్పుడు దొరికి ఇప్పుడు దొరకని చేపల జాబితా ఏ ప్రభుత్వ దస్త్రంలోనూ లేనంత వివరంగా వారి దగ్గరుంది. వారు పోతే అదీ పోతుంది.

7. సైన్సు చదవనివాళ్లు

పర్యావరణ విద్య అందరికీ తప్పనిసరి గనుక క్షేత్రపనీ అందరికీ తప్పనిసరి. బి.కాం. బృందాలు ఒక వీధిలో కుటుంబానికి నెలకు తాగునీటి క్యాన్ల మీద ఎంత ఖర్చవుతోందో, ఒక చెరువులో మేతకూ కరెంటుకూ ఎంత పోతోందో లెక్క తీస్తాయి. బి.ఏ. బృందాలు పంచాయతీ పారిశుద్ధ్య ఖర్చుల లెక్కలు చదువుతాయి, సరస్సు పాత రోజుల గురించి పెద్దలు చెప్పింది రికార్డు చేస్తాయి. హాస్టల్ మెస్‌లో వారం రోజులపాటు తడి చెత్త, పొడి చెత్త, పారేసిన అన్నం విడివిడిగా తూచే పని అన్ని గ్రూపులదీ. రాష్ట్ర ఉన్నత విద్యామండలి నిర్దేశించిన 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును ఇదే స్థలంలో కొనసాగించాలనుకునే విద్యార్థులకు అనుమతి ఇవ్వాలి.

8. మార్కులు

విశ్వవిద్యాలయ నిబంధనలకు లోబడి, ఈ సబ్జెక్టులో రాత పరీక్షకు 50, క్షేత్రపనికి 50 మార్కులు ఉంటాయి. క్షేత్రపని మార్కుల్లో నోట్‌బుక్‌కు 20, స్థలం దగ్గరే జరిపే మౌఖిక పరీక్షకు 15, ఊరి ముందు ఫలితాలు చెప్పినందుకు 15. రాత పరీక్షలో కూడా ఒక వ్యాస ప్రశ్న విద్యార్థి సొంత స్థలం గురించే ఉండాలి. దానికి గైడులో జవాబు దొరకదు.

9. భద్రత, అనుమతులు

అభయారణ్యం పరిధిలో అడుగుపెట్టాలంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం అటవీశాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. అక్కడి నుంచి మొక్కను గానీ గుడ్డును గానీ ఈకను గానీ తీసుకురావడం నిషిద్ధం. మోకాలు లోతు దాటి ఎవరూ నీళ్లలోకి దిగరాదు. దోనె ఎక్కితే లైఫ్ జాకెట్ తప్పనిసరి. కాళ్లకు గాయాలున్నవాళ్లు మురుగునీటిలో దిగితే లెప్టోస్పైరోసిస్ వంటి జ్వరాలు సోకవచ్చు గనుక వారు గట్టు మీది పనే చేయాలి. వేకువ పరిశీలనకు బూట్లు, టార్చి, కర్ర ఉండాలి. పాముకాటుకు మందు దొరికే దగ్గరి ఆసుపత్రి ఫోన్ నంబరు ప్రతి నోట్‌బుక్ అట్ట మీద ఉండాలి. విద్యార్థినులున్న ప్రతి బృందంతో ఒక మహిళా అధ్యాపకురాలు వెళ్లాలి, స్థలానికి దగ్గర్లో మరుగుదొడ్డి సదుపాయం ముందే చూసుకోవాలి, వేకువ వేళ ఇంటి నుంచి తీసుకొచ్చే వాహనం కళాశాలదే. ఈ ఏర్పాట్లు లేవన్న కారణంతో ఆడపిల్లలను తరగతి గదిలో కూర్చోబెట్టి రికార్డు రాయించే పద్ధతిని ఈ కౌన్సిల్ అంగీకరించదు. ఏర్పాట్లు చేయాలి, అంతే.

10. అంకెలు ఎవరివి

సేకరించిన అంకెలు ముందు ఊరివి. ప్రతి మార్చిలో బృందం తన ఫలితాలను పంచాయతీ కార్యాలయం గోడ మీద, అందరికీ అర్థమయ్యే తెలుగులో, ఒక పట్టికగా రాయాలి. వీలైతే గ్రామసభలో చదివి వినిపించాలి. ఇంటి కుళాయి నీళ్లలోనో క్యాన్ నీళ్లలోనో ప్రమాదం కనిపిస్తే మార్చి దాకా ఆగకుండా వెంటనే ఆ ఇంటివారికి, పంచాయతీకి చెప్పాలి. బృందం సీసా నల్లబడిందని ఊళ్లో కలకలం రేపకుండా, అధికారిక ప్రయోగశాలలో మళ్లీ పరీక్ష చేయించమని కోరాలి.

ప్రైవేటు చేపల చెరువుల్లో తీసిన కొలతలను యజమాని పేరుతో గానీ సర్వే నంబరుతో గానీ బయటపెట్టరాదు. నమ్మి లోపలికి రానిచ్చిన రైతుకు అది మనమిచ్చే మాట. కొల్లేరు హద్దు +5 కాంటూరు దగ్గర ఉండాలా, +3కు కుదించాలా అన్న వివాదంలో ఈ కళాశాల ఏ పక్షమూ తీసుకోదు. విద్యార్థులు తీసిన అంకెలు ఎవరి వాదానికి ఉపయోగపడినా, ఎవరి వాదానికి ఇబ్బంది అయినా, వాటిని దాచదు.

నమోదైన అభ్యంతరాలు

పరీక్షల విభాగం చూస్తున్న ఒక సభ్యుడు 8వ అంశంపై తన అభ్యంతరాన్ని నమోదు చేయాలని కోరారు. ఆయన వాదన ఇది: ఇంటర్నల్ మార్కులు ఎక్కడ పెరిగితే అక్కడ ఉదారత పెరుగుతుంది. 25 మార్కులకే నకలు రికార్డులు వచ్చినప్పుడు 50 చేస్తే నకలు నోట్‌బుక్‌లు రావా? ఇరవై మందికి ఒక అధ్యాపకుడు ఎక్కడి నుంచి వస్తారు?

ఈ అభ్యంతరంలో నిజం ఉందని కౌన్సిల్ అంగీకరించింది. మొదటి ప్రశ్నకు పరిష్కారంగా, మౌఖిక పరీక్ష రోజున మరో కళాశాల నుంచి వచ్చిన పరీక్షకుడి ఎదుట విద్యార్థి తన స్థలంలోనే ఒక కొలత మళ్లీ తీసి చూపించాలని నిర్ణయించింది. ఏడాదంతా ఆ చెరువుకు వెళ్లినవాడికీ వెళ్లనివాడికీ తేడా పీహెచ్ మీటర్ పట్టుకున్న తీరులోనే తెలిసిపోతుంది. రెండో ప్రశ్నకు పూర్తి జవాబు ఇప్పటికి లేదు. అన్ని శాఖల అధ్యాపకులూ తలా ఒక బృందం తీసుకున్నా కొన్ని బృందాలు మిగులుతాయి. అందుచేత మొదటి ఏడాది మొదటి సంవత్సరం విద్యార్థులకే ఈ పద్ధతి వర్తిస్తుంది. రెండో ఏడాది పాత బృందాల్లోని ఆసక్తిగల విద్యార్థులు కొత్తవారికి సహాయకులుగా ఉంటారు. ఆ సభ్యుడు తన అభ్యంతరాన్ని ఉపసంహరించుకోలేదు. 8వ అంశం మెజారిటీతో, మిగిలిన అంశాలన్నీ ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి.

కామర్స్ శాఖ సభ్యురాలు ఒకరు వేకువ పరిశీలన నుంచి బి.కాం. విద్యార్థులకు మినహాయింపు కోరారు. చర్చ తరువాత ఆమే దాన్ని వెనక్కి తీసుకుని, ఏరియేటర్ కరెంటు ఖర్చు లెక్క తేలాలంటే అది తిరిగే వేళకు అక్కడ ఉండాలని అన్నారు.

అమలు

ఈ తీర్మానం వచ్చే విద్యా సంవత్సరం మొదటి సెమిస్టర్ నుంచి అమల్లోకి వస్తుంది. స్థలాల ఎంపిక, యజమానుల, పంచాయతీల అంగీకార పత్రాలు, అటవీశాఖకు దరఖాస్తులు వేసవి సెలవుల్లోపే పూర్తి చేసే బాధ్యత ముగ్గురు అధ్యాపకులు, ఇద్దరు విద్యార్థి ప్రతినిధులు ఉన్న ఉపసంఘానికి అప్పగించడమైనది. ఉపసంఘం ప్రతి సెమిస్టర్ చివర కౌన్సిల్‌కు రాతపూర్వక నివేదిక ఇవ్వాలి. ఏ బృందాలు ఎన్నిసార్లు వెళ్లలేదో కూడా అందులో ఉండాలి.

తీర్మానం ప్రతులను అనుబంధ విశ్వవిద్యాలయానికి, జిల్లా అటవీ అధికారికి, స్థలాలున్న గ్రామ పంచాయతీలకు పంపాలి. తల్లిదండ్రుల కోసం తెలుగులో ఒక ప్రతిని కళాశాల నోటీసు బోర్డులో పెట్టాలి. తమ చెరువు గట్టు మీద పిల్లలు కొలతలు తీసుకోవడానికి ఒప్పుకునే రైతులు, పాఠం చెప్పడానికి ముందుకు వచ్చే లంక గ్రామాల పెద్దలు కళాశాల కార్యాలయంలో తమ పేర్లు ఇవ్వవలసిందిగా ఈ కౌన్సిల్ కోరుతోంది.